పదకొండో బొమ్మ

ఆవిడకి ముందుమాట మేడమ్ అని పేరు పడిపోయింది. ఎవరు పుస్తకం వేసినా, ఎవరు బొమ్మల ప్రదర్శన పెట్టినా మొదటి రెండు పేజీలు ఆవిడే రాయాలి మరి. ఎదురుగా ఉన్నప్పుడు మేడమ్ అనేవాళ్లు, పక్కకి తిరగ్గానే ముందుమాట అనుకునేవాళ్లు. ఈమధ్య ఆ మర్యాద కూడా పోయింది. మొన్న ఒక కొత్త కవి ఫోన్ చేసి, "ముందుమాట గారాండీ?" అని అడిగాడు. "కాదు, రాంగ్ నంబర్" అని పెట్టేసింది. కాసేపాగి తనే మళ్లీ ఫోన్ చేసి, "సరే, పంపించండి, చూస్తాను" అంది. ఆవిడ బతుకంతా ఇలా తనే మళ్లీ ఫోన్ చేయడంలోనే గడిచిపోయింది.

వయసులో ఉన్నప్పుడు కథలు రాసింది. రెండు పుస్తకాలు వచ్చాయి, చదివినవాళ్లు బాగున్నాయనే అన్నారు. అంతలో ఒక చిత్రకారుడు ఇంటికొచ్చి, నా బొమ్మల గురించి నాలుగు ముక్కలు రాసిపెట్టమ్మా అన్నాడు. మొహమాటానికి రాసింది. ఆ నాలుగు ముక్కలూ బాగా కుదిరేసరికి ఇంకొకరు వచ్చారు, వాళ్ల వెనక మరొకరు. బొమ్మలు పెట్టుకోడానికి చోటు లేదని అందరూ మొత్తుకుంటుంటే వినలేక, ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, మూతపడ్డ ధాన్యం గిడ్డంగి ఒకటి సంపాదించింది. దానికి సున్నం వేయించింది, దీపాలు పెట్టించింది, కళాసమితి అని బోర్డు కట్టించింది. అప్పట్నుంచి ఆ హాల్లో బల్బు మాడినా ఆవిడకే ఫోను, అతిథి రాకపోయినా ఆవిడకే ఫోను. వచ్చిన అతిథి మైకు వదలకపోతే ఆవిడే వెళ్లి నవ్వుతూ లాక్కోవాలి. కవుల మధ్య తగవులు తీర్చింది, శిల్పులకీ ఎలక్ట్రీషియన్లకీ మధ్య తగవులు తీర్చింది. తన మూడో పుస్తకం మాత్రం రాయలేదు.

ఆ మూడో పుస్తకం వాళ్లమ్మ గురించి. అది రావాలని ఈ లోకంలో ఎదురుచూస్తున్న మనిషి ఒక్కతే, ఆవిడ అక్క. అక్క లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. చెల్లెలు పెట్టే ప్రదర్శనలకి ఏనాడూ వచ్చిన పాపాన పోలేదు, బొమ్మలు చూస్తే తలనొప్పి వస్తుందంటుంది. కానీ ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడుగుతుంది.

"అమ్మ పుస్తకం ఎంతదాకా వచ్చింది?"

"ఈ ప్రదర్శన కానీ అక్కా."

"కిందటి ప్రదర్శనకీ ఇదే చెప్పావు. ఊళ్లోవాళ్ల బొమ్మలన్నిటికీ మాటలు నేర్పుతున్నావు. అమ్మ దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదా నీకు?"

అక్క అన్నదాంట్లో తప్పేముంది గనక?

ఈసారి ప్రదర్శన మాస్టారిది. మొట్టమొదట ఇంటికొచ్చి నాలుగు ముక్కలడిగిన చిత్రకారుడు ఈయనే. ఇప్పుడు పెద్ద పేరు, ఆ పేరుకి తగ్గ గడ్డం. ఆయనతో పని చేయడానికి ఒక పద్ధతి ఏర్పడిపోయింది. కేటలాగు ప్రెస్సుకి వెళ్లాల్సిన రోజుకి ఆయన బొమ్మలు సగం కూడా పూర్తికావు. అందుకని ఆయన ఫోన్లో ఏదో గొణుగుతాడు. ఆ గొణుగుడులోంచి ఈవిడ బొమ్మని ఊహించుకుని రాస్తుంది. ఆ రాసిందే కేటలాగులోకి వెళ్తుంది, అదే అట్టముక్క మీద అచ్చై గోడ మీద బొమ్మ పక్కన అంటుకుంటుంది. ప్రారంభం రోజుకి బొమ్మలు పచ్చి ఆరకుండానే హాలుకి వస్తాయి, ఆశ్చర్యమేంటంటే రాసినదానికి అతికినట్టు సరిపోతాయి. మేడమ్‌కి బొమ్మ చూడక్కర్లేదు, మాస్టారి మనసే చదివేస్తుంది అని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఆవిడా లోపల్లోపల మురిసిపోయేది, అబద్ధమెందుకు.

ఈసారి పది బొమ్మలకి రాసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. పదకొండోదాని కోసం ఫోన్ చేస్తే మాస్టారు భోజనం చేస్తున్నాడు.

"ఒక ఆడమనిషమ్మా," అన్నాడు నములుతూ.

"ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

"ఎక్కడ మాస్టారూ?"

"కిటికీ ఒకటి వేద్దామనుకుంటున్నా. నీలం ఉంటుంది. నువ్వు రాసేయమ్మా, నీకు తెలియనిదేముంది."

పెట్టేశాడు. అవతల ప్రెస్సాయన మిషన్ ఖాళీగా ఉందంటూ చెవిలో జోరీగలా పోరుతున్నాడు. ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఆడమనిషి, కిటికీ, నీలం. వీటితో ఏం రాసి చావాలి? విసుగులో ఉన్న మనిషి చేతికి ఏది అందితే అది తీసి విసురుతుంది. ఆవిడ చేతికి వాళ్లమ్మ అందింది.

చిన్నప్పుడు వాళ్లమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. పక్కింట్లో రేడియో ఉండేది, వీళ్లకి లేదు. మధ్యాహ్నం నాటకం వచ్చే వేళకి అమ్మ మిషన్ని కిటికీ పక్కకి జరుపుకునేది. మిషన్ చప్పుడులో మాటలు సరిగ్గా వినబడవు కదా, అందుకని కథ పట్టుమీదికొచ్చిన చోట అరచెయ్యి చక్రం మీద పెట్టి ఆపేసేది. ఎంత తొందర కుట్టైనా సరే, ఆ మాట పూర్తయ్యేదాకా చక్రం కదలనిచ్చేది కాదు. ఎవరో ఎక్కడో రాసిన మాటలు మా అమ్మ పనిని ఆపించగలవా అని నోరు తెరుచుకు చూసిన ఆ పిల్లే తర్వాత కథలు రాసింది. అమ్మ పోయాక, పుస్తకం రాస్తే ఆ చెయ్యితోనే మొదలుపెట్టాలని లోపల భద్రంగా దాచుకుంది. అంత భద్రంగా దాచుకున్నదాన్ని ఒక చిరాకు మధ్యాహ్నం తీసి, మాస్టారి బొమ్మ పక్కన అంటించే అట్టముక్క కోసం రాసి ప్రెస్సుకి పంపేసింది. పంపాక ఏదో పారేసుకున్నట్టు అనిపించింది. అదేంటో ఆలోచించే లోపల మైకు అద్దెకిచ్చే అతను ఫోన్ చేశాడు.

ప్రారంభం ఆదివారం పొద్దున. ఆవిడ హాలు తలుపులు తీసి చూసేసరికి పది బొమ్మలు గోడకెక్కి ఉన్నాయి. పదకొండో చోట మేకు ఉంది, మేకు పక్కన అట్ట ఉంది, బొమ్మ లేదు.

"ఇదేంటండీ?" అని కార్యదర్శిని అడిగింది. కళాసమితి కార్యదర్శి మంచివాడే. ఏ పని చెప్పినా సగం చేసి, మిగతా సగానికి మీరేం చెప్తారోనని ఆగానండీ అంటాడు, అంతే.

"అట్టలన్నీ అంటించమన్నారు కదండీ, అంటించేశాను. బొమ్మ రాలేదండీ. మీరేం చెప్తారోనని ఆగాను."

"మరి ఆ అట్ట పీకేయొచ్చుగా?"

"కేటలాగులో పదకొండని ఉందండీ. పీకితే పదే అవుతాయి కదా."

ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. మాస్టారికి ఫోన్ చేస్తే ఉలుకూ పలుకూ లేదు. అంతలో జనం రావడం మొదలైంది. ప్రారంభించాల్సిన పెద్దమనిషి కత్తెర ఏదన్నాడు. కుర్చీలు చాల్లేదని ఒకరు, బాత్రూమ్ తాళం ఎవరి దగ్గరుందని ఇంకొకరు. ఆ హడావిడిలో ఖాళీ గోడ సంగతి మరిచేపోయింది.

తీరా ప్రసంగాలన్నీ అయ్యాక చూస్తే, హాల్లో జనమంతా ఒకే మూల గుమిగూడి ఉన్నారు. ఖాళీ గోడ ముందు. ముందు వరసలో వాళ్లు అట్ట చదివి పక్కకి జరుగుతున్నారు, వెనకవాళ్లు ముందుకొస్తున్నారు. ఒకామె సెల్‌ఫోన్‌తో అట్టని ఫొటో తీసుకుంది. ఒక పెద్దాయన చదవడం పూర్తిచేసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ మొదట్నుంచి చదివాడు. అట్ట మీద ఉన్నది ఇంతే:

"కిటికీ పక్కన ఒక ఆడమనిషి కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. పొరుగింటి రేడియోలో నాటకం వస్తోంది. ఆమె ఎడమ చెయ్యి చాచి చక్రాన్ని ఆపింది. సూది గుడ్డలో సగందాకా దిగి ఉంది. సాయంత్రానికి ఇవ్వాల్సిన చొక్కా ఆగింది, పొయ్యి మీద గిన్నె మాత్రం ఆగలేదు, మాడుతోంది. ఆమె ముఖం మనకి కనబడదు. వింటున్న మెడ కనబడుతుంది."

ఆ పెద్దాయన రెండోసారి చదవడం చూసి ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. ఎన్నేళ్లైంది, తను రాసినదాన్ని ఎవరైనా అలా నిలబడి చదివి? ఆ సంతోషం నోట్లో కరగక ముందే పక్కన ఒక విమర్శకుడు శిష్యుడికి వివరించడం వినబడింది. "చూశావా, గోడ ఖాళీగా వదిలేశారు. గీయకుండానే గీశారు. ఇలాంటిది మాస్టారొక్కరే చేయగలరు." ఆవిడ పళ్లు పటపట కొరుక్కుంది.

ఇంతలో ఒక బిల్డర్ ఆవిడ దగ్గరికి వచ్చాడు. ఊళ్లో సగం అపార్టుమెంట్లు ఆయన కట్టినవే.

"మేడమ్, ఆ పదకొండోది నాకు కావాలండీ."

"అక్కడ బొమ్మ లేదండీ."

"తెలుసండీ, వచ్చాకే ఇవ్వండి. చదువుతుంటేనే కళ్లకి కట్టేసింది. మా ఆఫీసులో రిసెప్షన్ వెనక గోడకి సరిగ్గా సరిపోతుంది. మాస్టారి బొమ్మంటే నీలం ఉంటుంది కదా, మా సోఫాలు కూడా నీలమే."

ఆవిడ నోరు తెరిచేలోపే మాస్టారు తీరిగ్గా ఊడిపడ్డాడు. గడ్డం దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలో, అందరికీ చేతులు ఊపుకుంటూ. బిల్డర్ మాట చెవిన పడీ పడగానే, "దానికేముంది, వారంలో ఇచ్చేస్తాను" అని వరమిచ్చేశాడు. తర్వాత ఆవిణ్ని ఒక పక్కకి పిలిచాడు.

"ఆ కిటికీకి ఊచలుంటాయా అమ్మా, తలుపులేనా?"

"మీ బొమ్మ గురించి నన్నడుగుతారేంటి మాస్టారూ?"

"రాసింది నువ్వే కదా."

"మీరు చెప్తేనే కదా నేను రాసింది!"

"నేనేం చెప్పాను? ఆడమనిషి, కిటికీ అన్నాను. కుట్టుమిషన్ నేను చెప్పానా? రేడియో నేను చెప్పానా?" మాస్టారు నవ్వాడు. "ఎప్పుడూ అంతేగా. నువ్వు రాసింది ప్రెస్సు నుంచి తెప్పించుకుని, ఎదురుగా పెట్టుకుని గీస్తాను. లేకపోతే అంత అతికినట్టు ఎలా వస్తాయనుకున్నావు?"

ఆ మాట ఆయన దాచుకోవాల్సిందని కూడా అనుకోలేదు. ఆవిణ్ని మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. ఈసారి తెమలలేదు కాబట్టి బయటపడింది గానీ, లేకపోతే ఆవిడకి చచ్చేదాకా తెలిసేది కాదు.

ఆవిడ వెనక్కి తిరిగి గోడలు చూసింది. మొదటి బొమ్మలో వానలో గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని నడుస్తున్న ముసలాయన వాళ్ల తాతయ్య, గొడుగు తడిస్తే పాడైపోతుందని ఆయన భయం. నాలుగోదాంట్లో చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతున్న అమ్మాయి తనే, కాలేజీకి ఆలస్యమైన రోజు. ఏడోదాంట్లో తాళం వేసిన తలుపు ముందు మూట మీద కూర్చున్నది వాళ్ల పిన్ని. మాస్టారు ఏదో గొణిగాడు, తను తన ఇంట్లోంచి తీసి ఇచ్చింది, ఆయన రంగులు వేసి సంతకం పెట్టుకున్నాడు. కథలు రాయడానికి తీరిక లేదని ఏడ్చిన ఇన్నేళ్లూ ఆవిడ కథలు రాస్తూనే ఉంది, అట్టముక్కల మీద. కోపం ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఎన్నడూ రాని అక్క హాల్లోకి వచ్చింది. ఆదివారం ఫోన్ ఎత్తలేదని తిట్టడానికి వచ్చింది. చేతిసంచీ భుజానికి తగిలించుకుని, బొమ్మల వైపు కన్నెత్తి చూడకుండా, జనం ఎక్కడుంటే చెల్లెలు అక్కడుంటుందని నేరుగా ఆ మూలకి వెళ్లింది. ఖాళీ గోడ చూసి ఆగింది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, పరీక్ష పేపరు చదివినట్టు అట్ట చదివింది.

"ఇది అమ్మ కదే," అంది పక్కకొచ్చి నిలబడ్డ చెల్లెలితో.

"అమ్మే."

"బొమ్మేదీ?"

"లేదక్కా. ఇంకా గీయలేదు."

"మరి అమ్మ ఇక్కడెందుకుంది?"

అందరి ప్రశ్నలకీ జవాబులుండే మనిషి తలొంచుకుని చేతిలో తాళాలగుత్తిని అటూ ఇటూ తిప్పింది. అక్క మళ్లీ అట్ట వైపు తిరిగింది.

"చెయ్యి కూడా తప్పు రాశావు. ఎడమ చెయ్యేంటి? చక్రం కుడిపక్కనుంటుంది."

"నేను ఎదురుగా కింద కూర్చునేదాన్ని. నాకు ఆ పక్కనే కనబడేది."

"నువ్వు కూర్చున్న చోటుని బట్టి అమ్మ చెయ్యి మారుతుందా? నేను పక్కన కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. కుడిచెయ్యే."

"కుడిచెయ్యాండీ?" వెనకనుంచి మాస్టారి గొంతు. ఎప్పుడు వచ్చాడో, జేబులోంచి పెన్సిల్ తీసి, కేటలాగు వెనక అట్ట మీద గీతలు గీయడం మొదలుపెట్టేశాడు కూడా. "అరచెయ్యి మొత్తం ఆనించేవారా, వేళ్లేనా? ఉంగరం ఉండేదాండీ?"

అక్కకి బళ్లో అలవాటు. ఎవరు ఏమడిగినా చెప్పేస్తుంది. "అరచెయ్యి మొత్తమండీ. బొటనవేలు మాత్రం పైకి..."

"అక్కా, చెప్పకు!"

హాలంతా అటు తిరిగింది. ఆవిడ గొంతు ఎత్తడం అక్కడెవరూ ఏనాడూ వినలేదు.

"మాస్టారూ, పెన్సిల్ లోపల పెట్టండి."

"ఏమైందమ్మా?"

"ఆవిడ మా అమ్మ. మీరు గీయడానికి వీల్లేదు."

మాస్టారికి నిజంగానే అర్థం కాలేదు. "గీస్తే నిలబడిపోతుంది కదమ్మా. పదిమందీ చూస్తారు."

"నేను రాస్తే నిలబడదా?"

"ఎందుకు నిలబడదు? రాయి." ఆయన మెల్లగా అడిగాడు. "కానీ ఎప్పుడు రాస్తావమ్మా?"

ఆయన ఎగతాళిగా అనలేదు, మామూలుగానే అన్నాడు. అందుకే అది చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఆదివారం ఆదివారం అక్క అడిగితే తప్పించుకున్న ప్రశ్న ఇప్పుడు తన కథల మీద సంతకాలు పెట్టుకున్న మనిషి నోట్లోంచి వచ్చింది. ఆవిడ ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్లి, అట్ట మూల గోటితో లేపి, సున్నం పెళ్లతో సహా పీకేసింది.

"ఆ పదీ ఉంచుకోండి. ఇచ్చేశాను, పోయాయి. ఇది ఇవ్వను."

"మేడమ్, మరి నేననుకున్న బొమ్మ?" అన్నాడు బిల్డర్.

"ఆ బొమ్మ లేదండీ. మీ సోఫాలకి ఇంకోటి చూసుకోండి."

"మేడమ్, కేటలాగులో పదకొండని..." అంటూ కార్యదర్శి పరుగెత్తుకొచ్చాడు.

"కొట్టేసి పది చేయండి. ఇవిగో తాళాలు. చిన్నది బాత్రూమ్‌ది."

తాళాలగుత్తి ఆయన చేతిలో పెట్టింది. సగం పని చేసి ఆగే ఆ మనిషి, ఈ మిగతా సగం ఎవర్ని అడగాలో తెలియక నిలువుగుడ్లేసుకుని చూశాడు. అక్కాచెల్లెళ్లు బయటికి నడిచారు. మెట్ల దగ్గర అక్క ఆవిడ మోచెయ్యి పట్టుకుంది గానీ ఏమీ అడగలేదు. అది అక్క మంచితనం కాదు, ఇంటికెళ్లాక అడగొచ్చని ఆగింది.

అక్క ఇంట్లో వంటింటి బల్ల మీద కూరగాయలు పక్కకి నెట్టి చెల్లెలు రాయడం మొదలుపెట్టింది. అట్ట ఎదురుగా ఉంది, వెనక సున్నం అంటుకుని. మొదటి వాక్యం రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. ముందుమాటలైతే కలం ఆగకుండా సాగేవి. ఇది అలా సాగలేదు. ప్రతి మాటా నువ్వెవరివి అని అడుగుతున్నట్టు ఎదురు తిరుగుతోంది.

అక్క భుజం మీదుగా తొంగి చూస్తోంది. "నీలం చీర అని ఎందుకు రాశావు? అమ్మ నీలం ఎప్పుడు కట్టింది? నీలం ఆ గడ్డమాయన పెట్టాడని నువ్వేగా దారిలో చెప్పావు. తీసేయ్."

"తీసేస్తాను, నువ్వు కాస్త అవతలికి వెళ్లు అక్కా."

"వెళ్తే మళ్లీ ఎడమ చెయ్యి రాస్తావు."

"కుడిచెయ్యి అనే రాశాను, చూడు!"

"రాశావు సరే, నమ్మి రాశావా, నేనన్నానని రాశావా?"

అక్కతో వేగడం కంటే మాస్టారితో వేగడమే నయమనిపించింది ఒక్క క్షణం. కళ్లు మూసుకుని ఆ గది గుర్తు తెచ్చుకుంది. తను కింద కూర్చుని ఉంది. అమ్మ ఎదురుగా ఉంది. ఎంత చూసినా చక్రం తనకి ఎడమపక్కనే ఉంది. సరేనని కళ్లు తెరిచి, కలం తీసుకుని, తర్వాతి వాక్యం రాసింది. ఆ వాక్యం వెనకే ఇంకోటి వచ్చింది. అది ఎక్కడికి పోతుందో తెలుస్తున్నట్టే ఉంది, ఇంకొక్క మాట పడితే చాలు.

బల్ల మీద ఫోన్ మోగింది. కార్యదర్శి. ముగింపు సభకి రెండు మాటలు ఎవరు రాస్తారో అడగడానికే అయ్యుంటుంది. ఫోన్ ఆగకుండా మోగుతోంది, బల్ల మీద గిన్నెలు కూడా దాంతోపాటు అదురుతున్నాయి. ఆవిడ కాగితం మీంచి చూపు తీయలేదు. కలం ఎడమ చేతిలోకి మార్చుకుని, ఖాళీ అయిన చెయ్యి చాచి, అరచెయ్యి మొత్తం ఫోన్ మీద ఆనించి గట్టిగా అదిమింది. అదురు తగ్గింది. ఆ మాట కోసం ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయింది.

అక్క చెల్లెలి చెయ్యి వైపు చూసింది.

"చూసుకో," అంది నెమ్మదిగా. "కుడిచెయ్యే."